కందికట్టె కింద బావి

ఆకాశంలోంచి ఫొటో తీస్తే నేలమీద ఏదీ దాగదని ఇప్పుడు ప్రతివాడూ అంటున్నాడు. ఫోను మీద వేలు జరిపి మా ఇంటి కప్పు చూపించి, అంతా కనబడుతుంది చూడమంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. అంతా కనబడదు. విమానం కంటికి ఒక బావి కనబడకుండా చేసినవాణ్ణి నేను. కట్టెలు మోసినవాళ్ళు వేరే ఉన్నారు, కానీ మొయ్యమని చెప్పింది నేను. దాన్ని మళ్ళీ కనబడేలా చెయ్యడానికి ఎంత చావు చచ్చామో నేను రాయకపోతే రాసేవాడు లేడు.

పోలీసు చర్య నాటికి నాకు పద్నాలుగేళ్ళు. తాండూరు నుంచి బషీరాబాదు పోయే దారిలో మా పల్లె. ఆ రోజుల్లో విమానాలు రెండు మూడుసార్లు మా నెత్తిమీదుగా పోయాయి. ఏమీ పడలేదు. కానీ కొన్నాళ్ళకు రోడ్డు మీద మిలిటరీ లారీలు కనబడ్డాయి. ముందు పైనుంచి చూసిపోతారు, వెనక నేలమీద వచ్చి పట్టుకుపోతారు అని ఊళ్ళో అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. జొన్న పాతరల మీద చొప్ప కప్పారు. ఆ పాతరల కోసం ఎవరూ రాలేదు. కప్పాం కాబట్టే రాలేదని అందరికీ నమ్మకం కుదిరింది.

నేను చదివింది ఉర్దూ బడి. ఆ గడబిడలో బడి మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి పాఠాలు తెలుగులోకి మారాయి, నేను నాగలి వెనకకు మారాను. తెలుగు నాకు నేనే నేర్చుకున్నాను. దుకాణంలో బెల్లం కట్టిచ్చిన పేపరు విప్పి, చీమలు దులిపి, అక్షరం అక్షరం కూడబలుక్కునేవాణ్ణి. పేపరు చదవగలవాడని ఊళ్ళో నాకు కొంత పెద్దరికం వచ్చింది. చదివినదానికంటే ఎక్కువ చెప్పే రోగం కూడా దాని వెంటే వచ్చింది.

మా పల్లెకు పడమటగా గైరాన్ ఉండేది. పశువుల మేతకు వదిలిన సర్కారు భూమి. ఒక చోట నేల పళ్ళెంలా లోపలికి దిగి ఉంటుంది. ఆ పల్లంలో ఒక గొర్ల కాపరి, వరసకు మామ అని పిలిచేవాణ్ణి, తన పెండ్లాంతో కలిసి మూడు ఎండకాలాలు బావి తవ్వాడు. వాళ్ళు మంద కాసేవాళ్ళు, మేము దున్నేవాళ్ళం. చుట్టరికం లేదు, ఏటా పంట కోశాక వాళ్ళ మంద మా చేలో పడుకునేది. మాకు ఎరువు, వాళ్ళకు గింజలు. ఆ వరసే మామ, అత్త.

అక్కడ అడుగు తవ్వితే నాపరాయి. పొర కింద పొర. మామ గడ్డపారతో ఒక్కో పొర లేపితే అత్త తట్టలో ఎత్తి బయట వేసేది. బావి మూతి ఇద్దరు మనుషులు చేతులు చాస్తే అందేంత, అంతే. ఒడ్డున రాతి తొట్టి. వేసవిలో వాగులన్నీ ఎండి, మందలు కోసుల దూరం పోయే రోజుల్లో కూడా ఆ బావిలో నడుముల్లోతు నీళ్ళుండేవి. అయితే అది సర్కారు భూమి, అడగకుండా తవ్విన బావి. ఆ భయం మామకు లోపల ఎప్పుడూ ఉండేది.

అరవైల మొదట్లో ఒక చలికాలం, కందులు కొట్టిన రోజుల్లో, విమానం వచ్చింది. ఊరికే దాటి పోలేదు. తూర్పు నుంచి పడమటకు గీత గీసినట్టు పోయింది, తిరిగి వచ్చింది, మళ్ళీ కొంచెం పక్కన పోయింది. దున్నేవాడు చాలు పక్కన చాలు వేసినట్టు. రెండో రోజు మామ మా కల్లం దగ్గరకు వచ్చాడు.

"పటేలా, నువ్వు పేపర్లు సదువుతవ్ గద. గదేం దున్నుతున్నది పైన?"

భూమిని ఫొటో తీసి పటాలు వేస్తారని ఎక్కడో నాలుగు ముక్కలు చదివి ఉన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది.

"ఫొటోలు తీస్తున్నరు మామా. ఎవలకు ఎన్ని బావులున్నయో అన్నీ పడ్తయి. వెనక శిస్తు కడ్తరు. నీది సర్కారు జాగల ఉన్నది, నీకు శిస్తుతోని పోదు."

మామ ముఖం చిన్నబోయింది. "మరెట్ల?"

"పాతర్లు కప్పలేదా అప్పుడు? కప్పు."

మా చేలోని కందికట్టెనే ఇచ్చాను. బావి మూతికి అడ్డంగా మొద్దులు వేసి, మీద కట్టె పేర్చి, తొట్టిని కూడా కప్పేశారు. చూస్తే ఎవరో పొయ్యి కోసం వేసుకున్న కట్టె మోపులా ఉంది. విమానం ఆ మీదుగా పోయింది. నాలుగు రోజుల తరువాత మామ కట్టె తీసేశాడు, గొర్లు నీళ్ళు తాగాయి. నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

రెండేళ్ళకు వికారాబాదు స్టేషను దగ్గర సర్వే వాళ్ళ డేరాలు వెలిశాయి. ఆ ఏడు వానలు ముఖం చాటేస్తే నేను పనికి పోయాను. బల్ల మోసి, జెండా పట్టుకునే ఖలాసీ పని. ఆఫీసరు కోస్తా జిల్లాల మనిషి, సన్నగా, ముక్కుసూటిగా ఉండేవాడు. నేను అక్షరాలు చదవడం చూసి డేరాలోకి పిలిచి ఫొటోల కట్టలు వరస పెట్టే పని ఇచ్చాడు.

మొదటిసారి ఆ ఫొటో చూసి నేను ఏమీ గుర్తుపట్టలేదు. బూడిద చల్లినట్టుంది. ఆయన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, వాటి మీద పొట్టి కాళ్ళున్న రెండు అద్దాల పెట్టె నిలబెట్టాడు. స్టీరియోస్కోపు అన్నాడు.

"కళ్ళు ఆనించి చూడండి. తొందరపడకండి."

చూశాను. బూడిద కదిలింది. అనంతగిరి గుట్టలు కాగితంలోంచి లేచి నా కంటికి తగులుతాయేమో అన్నంతగా నిలబడ్డాయి. నేను తల వెనక్కి తీశాను. ఆయన నవ్వలేదు, అది నాకు నచ్చింది.

ఒకరోజు తాండూరు వైపు ఫొటోలు చూస్తూ నాపరాయి గనులు గుట్టల్లా లేచి ఉన్నాయేమిటని అడిగాను. కుడి ఫొటో ఎడమకు పెట్టారు, అందుకని గుంటలు గుట్టలయ్యాయి అన్నాడు. చంద్రుడి వెనకవైపు ఫొటో అప్పటికే పేపరులో వచ్చి ఉంది. చంద్రుడి మీద కూడా ఇంతే, వెలుగు ఎటు నుంచి పడిందో తెలియకపోతే గుంటను గుట్ట అనుకుంటాం, అక్కడికి పోయి చూసి సరిదిద్దేవాడు లేడు అన్నాడు. "మనకు ఆ సాకు లేదు. మనం నడిచిపోయి చూడగలం." ఆ మనిషి పని పద్ధతి అదే. ఫొటోలో చూసినదాన్ని నేలమీద కళ్ళతో చూస్తే తప్ప సూదితో గుచ్చేవాడు కాదు. గుచ్చిన చోట ఫొటో వెనక నంబరు వేసి, అదేమిటో రాసేవాడు. గుచ్చనిది పటంలోకి ఎక్కదు.

డేరాలు ఇంకో రెండు రోజుల్లో ఎత్తేస్తారనగా తాండూరు నుంచి ఒక గని మున్షీ వచ్చాడు. తెల్లటోపీ, చేతిలో కాగితాల సంచి. అతని గనిలో పనికిరాని రాయి గుట్టలు పడి దారికి అడ్డమవుతోంది. దాన్ని పోసుకోవడానికి మా గైరాన్‌లో పల్లం అడిగారు. కొత్త సర్వేలో ఆ చోట ఇల్లు, గుడి, నీళ్ళు ఏమీ లేవని తేలితే ఇస్తామని తాసీలు కచేరీలో అన్నారట.

"అక్కడ గడ్డి కూడా మొలవదు సాబ్. మీ ఫొటోలోనే చూడండి," అన్నాడు.

ఆఫీసరు ఆ ఫొటో జత తీసి చూశాడు. "ఖాళీ పల్లమే. మధ్యలో ఏదో కట్టె కుప్ప. ఊరివాళ్ళు ఇచ్చిన బావుల జాబితాలోనూ అక్కడేమీ లేదు."

నేను ఫొటోల కట్ట వరస పెడుతూ ఉండిపోయాను.

మున్షీ టీకి బయటకు పోయాక అద్దాల మీద కళ్ళు పెట్టాను. పల్లం లోతుగా దిగింది. మధ్యలో నా కందికట్టె, నల్లటి చుక్క. దాని చుట్టూ ఇంతకుముందు ఎవరి కంటికీ ఆననిది ఒకటి చూశాను. సన్నటి తెల్లటి దారాలు. ఉత్తరం నుంచి, పడమట నుంచి, వంకలు తిరుగుతూ వచ్చి అన్నీ ఆ చుక్క దగ్గరే ఆగాయి. గొర్ల బాటలు. ఏళ్ళ తరబడి డెక్కలు నలిపిన నేల. కట్టె కప్పమని చెప్పాను కానీ బాటలు కప్పమని ఎవరు చెప్తారు?

"సార్, అక్కడ బావి ఉంది," అన్నాను.

ఆయన తల ఎత్తాడు. చూపించాను. "బాటలు కల్లం దగ్గరకు కూడా కలుస్తాయి," అన్నాడు.

"కల్లానికి బండ్లు పోతాయి సార్. బండిబాటకు రెండు గీతలుంటాయి. ఇవన్నీ ఒంటి గీతలు. చేల వైపు నుంచి ఒక్కటీ లేదు, అన్నీ మేత వైపు నుంచే వచ్చాయి."

ఆయన మళ్ళీ చూశాడు, చాలాసేపు. "మరి బావి ఏది?"

చెప్పాను. ఎవరు కప్పమన్నారో కూడా చెప్పాను. ఆయన ముఖం గట్టిపడింది. తిట్టి ఉంటే బాగుండేది. సూది తీసి డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

"మీ మాట మీద గుచ్చను. రేపు పొద్దున పాసింజరుకు తాండూరు వస్తాను. నీళ్ళు నా కంటికి కనబడాలి. మధ్యాహ్నానికి తిరిగి రావాలి, పటం షీటు ముగించాలి. నేను కుప్పలు తవ్వించను. అది నా పని కాదు."

నేను అప్పుడే బయలుదేరి దొరికిన బండి ఎక్కాను. ఇంకా ఎండ ఉండగానే పల్లం చేరాను. చేరి నిలబడిపోయాను. బావి మీద కందికట్టె ఉంది. కొత్త కట్టె, పచ్చివాసన పోలేదు. సర్వే వాళ్ళు తిరుగుతున్నారని విని మామ మళ్ళీ కప్పేశాడు. ఎవరి పాఠం అది? మంద లేదు, తొట్టి కూడా కట్టె కిందే ఉంది, అత్త ఒక్కతే రాయి మీద కూర్చుని ఉంది.

"గొర్లేవి అత్తా?"

"వాగుకు తోలిండు. రెండు కోసులు. పిల్లలు నడవలేక పడ్తున్నయి. రా, మెచ్చుకో, నీ తెలివే గిది."

మామ వచ్చేసరికి ఎండ వాలింది. చెప్పాను. రేపు ఆఫీసరు వస్తాడు, బావి చూపించకపోతే పల్లంలో రాయి పోస్తారు, కట్టె తియ్యి అన్నాను. అతను కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"కప్పుమన్నది నువ్వే. తియ్యుమంటున్నది నువ్వే. రెండేండ్ల కింద శిస్తని బెదిరిస్తివి, గిప్పుడు రాళ్ళని బెదిరిస్తున్నవ్. గాళ్ళ దగ్గర కూలి చేస్తున్నవంట గద?"

"చేస్తున్న. అందుకే తెలిసింది మామా."

"అందుకే అనుమానం. సర్కారు జాగల బావి తవ్విన అని నా నోటితోని నేనే చెప్పుకోవాల్నా? జేలుకు నువ్వు వస్తవా నాతోని?"

"వస్త."

"మాటలు. గా గని పాడుగాను, గింత దూరం రాళ్ళు మోస్కొచ్చి ఎవడు పోస్తడు?"

అతను నమ్మలేదు. నమ్మమని ఏ ముఖంతో అడుగుతాను? నేనే తీసేస్తానని కట్టె మీద చెయ్యి వేశాను. మామ కర్ర అడ్డం పెట్టాడు. కొట్టలేదు. "నా బావి," అన్నాడు. చెయ్యి తీసేశాను.

మరునాడు పొద్దున ఆఫీసరు గని వాళ్ళ జీపులో వచ్చాడు. పక్కన మున్షీ. స్టేషను నుంచి పల్లానికి వేరే బండి దొరకలేదట. మామ అప్పటికే వచ్చి, బావి మీది కట్టె కుప్ప మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. కింద మొద్దులు విరిగితే బావిలో పడతాడు. ఆ సంగతి మున్షీకి తెలియదు.

ఆఫీసరు ఫొటో తీసి బల్ల మీద పెట్టి, దిక్కులు సరిచూసి, బాటల వెంట కొంత దూరం నడిచి వచ్చాడు. "ఇక్కడే కలుస్తున్నాయి," అని మామ వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఇక్కడ నీళ్ళున్నాయా?"

మామ నా వైపు చూడలేదు. "కట్టె ఉన్నది సారు. పొయ్యిల కట్టె."

"గొర్లు కట్టె తాగడానికి వస్తాయా?"

"మేత కోసం వస్తయి."

మున్షీ నవ్వాడు. ఆఫీసరు గడియారం చూశాడు. నేను నోరు తెరిస్తే మున్షీ ముందు మామ అబద్ధం బయటపడుతుంది, తెరవకపోతే బావి పోతుంది. దూరంగా అత్త మందను తోలుకొస్తోంది. నిన్నంతా నడిచిన గొర్లు, ఆ బాటల మీదికి రాగానే వాటిని ఎవరూ తోలనక్కరలేదు. ఒకదాని వెనక ఒకటి కుప్ప దగ్గరకు వచ్చి, కట్టెల సందుల్లో మూతులు పెట్టి అరుస్తున్నాయి. మామ వాటిని కర్రతో తోస్తున్నాడు, అవి పోవడం లేదు.

"చూశారుగా సాబ్, మేత కోసమే," అని మున్షీ మామ వైపు తిరిగాడు. "ఏయ్ ముసలోడా, ఈ కట్టె ఇయ్యాల్లనే తీస్కపో. రేపటిసంది మా బండ్లొస్తయి. వెనక రాళ్ళ కింద పడ్డది అంటే నాకు తెల్వదు."

మామ కర్ర ఆగింది.

"ఏం బండ్లు?"

"రాళ్ళ బండ్లు. ఈ గుంటంత నింపేస్తం."

మామ అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ రాయలేను. మెల్లగా, మొద్దు మీద బరువు పడకుండా, కుప్ప దిగాడు. ఒక మోపు లాగి పక్కన పడేశాడు. ఇంకోటి. నేను సాయం పోతే వద్దనలేదు. అత్త తొట్టి మీది కట్టె లాగేసి, బొక్కెన దింపి నీళ్ళు చేదింది. తొట్టిలో నీళ్ళు పడిన చప్పుడుకు మంద మొత్తం మా కాళ్ళ మీద నుంచి పోయింది.

ఆఫీసరు ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూశాడు. తాడుకు రాయి కట్టి లోతు కొలిచాడు. తరువాత డబ్బాలోంచి సూది తీసి, ఫొటోలో ఆ నల్లటి చుక్కలో గుచ్చి, వెనక్కి తిప్పి, "బావి, నీళ్ళున్నవి" అని రాశాడు. మున్షీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"బావి ఎవరిది?" అన్నాడు ఆఫీసరు, కలం ఎత్తి పట్టుకుని.

మామ నోరు తెరిచాడు. మున్షీని చూశాడు, జీపును చూశాడు, ఆఫీసరు కలాన్ని చూశాడు.

"ఎవలదీ కాదు సారు. మా తాతల కాలం సంది ఉన్నది. సర్కారుదే."

అత్త బొక్కెన పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కాదు, ఇద్దరూ తవ్వారు, నేను చూశాను అని నేను చెప్పాలి. చెప్తే సర్కారు జాగాలో తవ్వాడని రాసుకుంటారా? రాసుకోకపోవచ్చు కూడా. ఆ ఆఫీసరు అలాంటివాడు కాడని నాకు తెలుసు. కానీ విమానం వచ్చిన నాడు కూడా నేను ఇలాగే తెలుసనుకుని చెప్పాను. ఈసారి నోరు మూసుకున్నాను. సరైన చోట మాట్లాడక, అక్కర్లేని చోట మాట్లాడినవాణ్ణని నన్ను నేను ఇన్నేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను.

"సర్కారు బావి," అని రాసుకున్నాడు ఆయన.

పల్లంలో రాయి పొయ్యలేదు. కచేరీలో కాగితం ఆగిపోయింది, గని వాళ్ళు వేరే చోటు చూసుకున్నారు. కానీ ఆ కొత్త చోటుకు దారి మా గైరాన్ మీదుగానే పడింది. వచ్చే ఎండకాలానికి రాళ్ళ బండ్ల ఎడ్లు మామ బావి దగ్గర ఆగడం మొదలైంది. మున్షీ పెద్ద మోట బొక్కెన, చేంతాడు పంపించాడు. సర్కారు బావి కదా, ఎవరు కాదంటారు? ముందు ఎడ్లు, తరువాత రాళ్ళు కొట్టేవాళ్ళ కుండలు, ఆ తరువాత గొర్లు.

ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి మామ మందను పక్కన నిలబెట్టి, తన వంతు కోసం ఎండలో నిల్చుని ఉన్నాడు. అతని తొట్టిలో ఎవరి ఎడ్లో తాగుతున్నాయి. నాకు కోపం ఆగలేదు.

"మామా, కచేరికి పోదం పా. నీ బావి అని దరఖాస్తు నేను రాస్త. సాక్ష్యం చెప్త."

ఎడ్లను చూస్తూనే మామ మాట్లాడాడు. "ఏం రాస్తవ్? అప్పుడు అబద్ధం చెప్పిన అని రాస్తవా?"

"నిజం రాస్త."

"నువ్వు రాయకు పటేలా. నీకు దండం. నువ్వు రాసినా చెప్పినా నాకు ఏదో ఒకటి పోతది." ముందున్న బండివాడితో గొంతు పెంచి అన్నాడు. "ఓ అన్నా, నీళ్ళన్న ఉన్నయి గద లోపట, ఊడ్చకు. గొర్రెపిల్లలున్నయి నాయి."

బండివాడు సరేనని ఎడ్లను పక్కకు లాగాడు. మామ బొక్కెన అందుకున్నాడు. తాడు ఇంకో కొస నేను పట్టుకుంటే వదలమన్లేదు. ఇద్దరం మంద మొత్తం తాగేదాకా నీళ్ళు చేదుతూనే ఉన్నాం.